సీసాలో ఊపిరి

బ్లాస్టింగ్‌కి ముందు ఒక ఈల వినిపించేది. అది వినగానే పిల్లలు ఎవరూ చెప్పకుండానే చెవులు మూసుకునేవాళ్ళు. మేము బెంచీల మీది గాజు గ్లాసులు తీసి ఒళ్ళో పెట్టుకునేవాళ్ళం. తర్వాత నేల అడుగునుంచి ఒక్క దెబ్బ. పైకప్పు రేకులు గలగలమనేవి. సందుల్లోంచి సన్నటి బూడిదరంగు పొడి జారి మా తలల మీద, పలకల మీద, పళ్ళెంలో పోసిన నీళ్ళ మీద పడేది. "ఇగ అయిపోయింది, పెట్టుండ్రి గ్లాసులు" అని ఎవరో ఒక పిల్ల పెద్దరికంగా అనేది. ప్రయోగం మళ్ళీ మొదలయ్యేది.

అది కొత్తగూడలో రెండు గదుల సర్కారు బడి. తొంభైల చివరి సంవత్సరాల మాట. అప్పటికే మాదాపూర్ వైపు గుండ్రటి అద్దాల మేడ ఒకటి లేచి ఎండలో చాలా దూరానికి మెరిసేది. దాని చుట్టూ మరిన్ని మేడలు కట్టడానికి గుట్టల్ని పగలగొడుతున్నారు. మా బడి పిల్లల్లో చాలామంది ఆ గుట్టల దగ్గర పనిచేసేవాళ్ళ పిల్లలే. పాలమూరు నుంచి, నల్లగొండ నుంచి వచ్చి రేకుల షెడ్లలో ఉండేవాళ్ళు.

నేనప్పుడు బి.ఎస్సీ. రెండో సంవత్సరం. మా ఫిజిక్స్ మేడమ్ ఒక పద్ధతి పెట్టారు. శనివారం మధ్యాహ్నాలు మేము ఆ బడికి వెళ్ళాలి. ఇద్దరిద్దరం ఒక్కో బెంచీ పిల్లల్ని చూసుకోవాలి. కొవ్వొత్తి, అయస్కాంతం, నిమ్మకాయ, దారం, బెలూన్లు, ఏది దొరికితే దానితో వాళ్ళ చేత ప్రయోగాలు చేయించాలి. మేడమ్ మాకు చెప్పింది ఒకటే: "మీ చేతులు కట్టుకోండి, వాళ్ళ చేతులు కదలనివ్వండి. జవాబు మాత్రం చెప్పకండి."

నాకు అది చాలా కష్టంగా ఉండేది. నేను పదో తరగతి నుంచీ మా చర్చి సంఘంలో ఆదివారపు బడి చెప్తున్నదాన్ని. మా నాన్న గుంటూరు నుంచి వచ్చి బాలానగర్‌లో లేత్ మిషన్ మీద పనిచేసేవారు, బోరబండలో మా సంఘానికి పెద్దల్లో ఒకరు. ఇంట్లో పొద్దున బైబిలు వాక్యం చదవకుండా పాలు కాగేవి కావు. ప్రశ్న వచ్చిందంటే జవాబు ఎక్కడుందో నాకు తెలుసు, పేజీ తీసి చూపించగలను. అలాంటిదాన్ని శనివారాలు నోరు మూసుకుని కూర్చోవడం నేర్చుకున్నాను.

నా జంట అమ్మాయిది కర్నూలు. వాళ్ళ నాన్న కొండాపూర్‌లో ప్లాట్లు అమ్మేవారు. గుళ్ళకు వెళ్తుంది గానీ నాలాగా ఎవరికీ ఏదీ చెప్పదు. సెవెన్ సీటర్ ఆటోలో నా పక్కన ఇరుక్కుని కూర్చుని నన్ను ఏడిపించేది.

"శనివారం జవాబు చెప్పకూడదంట. ఆదివారం ప్రశ్న అడగకూడదంట. వారానికి రెండు దినాలు నీ తలకాయ యాడ పెడ్తావబ్బా?"

"మా ఆదివారపు బడిలో ప్రశ్నలు అడుగుతారు."

"అడుగుతారులే. జవాబు తెలిసినవే అడుగుతారు."

ఇక్కడ ఎవరి పేరూ రాయను. ముఖ్యంగా ఒక పిల్ల పేరు. మా బెంచీలో మూడో తరగతి పిల్ల. నూనె పెట్టి బిగించి వేసిన రెండు జడలు, ఎప్పుడూ ఒక రిబ్బను ఊడిపోయి ఉండేది. ఏది చెప్పినా "ఎందుకు అక్కా?" అని ఒకసారి, "గట్లెందుకు అక్కా?" అని ఇంకోసారి అడిగేది. ఇప్పుడు ఎక్కడున్నా ముప్పై దాటి ఉంటుంది. ఈ సంగతి ఎవరికి చెప్పుకోవాలో, చెప్పుకోకూడదో ఆమె ఇష్టం.

ఆ పిల్లలకు నేను నేర్పినవాటిలో వాళ్ళకు బాగా పట్టుబడింది ఒకటే. దానికి నేను 'జోడీ' అని పేరు పెట్టాను. ఒక పని వల్లే ఇంకోటి జరిగిందని తేలాలంటే, అన్నీ ఒకేలా ఉన్నవి రెండు పెట్టాలి. ఒకదానిలో ఒక్క సంగతి మార్చాలి, రెండోదాన్ని ముట్టుకోకూడదు. చిన్న గ్లాసు కింద ఒక కొవ్వొత్తి, పెద్ద గ్లాసు కింద ఒకటి. ఎండలో ఒక తడిగుడ్డ, నీడలో ఒకటి. జోడీ లేకుండా ఏది చెప్పినా అది ఉత్త మాట. ఇదీ మా పాఠం.

పిల్లలు దాన్ని బడి బయటికి తీసుకుపోయారు. ఒకడు ఒక కాలికే చెప్పు వేసుకుని వచ్చాడు, ఏ కాలు తొందరగా కాలుతుందో చూడాలట. ఇంకో పిల్ల సగం తలకే నూనె రాసుకొచ్చి, వాళ్ళమ్మ చేత దెబ్బలు తిని, "జోడీ అక్కా" అని ఏడుస్తూ చెప్పింది. నా జంట కర్నూలు పిల్ల పొట్ట పట్టుకుని నవ్వింది.

ఒక శనివారం ఊపిరితిత్తుల బొమ్మ చేయించాం. బిల్డింగుల దగ్గర ఇంజనీర్లు తాగి పడేసిన నీళ్ళ సీసాలు పిల్లలే ఏరుకొచ్చారు. సీసా అడుగు కోసేసి, మూతలోంచి గొట్టం దూర్చి, లోపలి కొసకు ఒక బెలూను కట్టాలి. కోసిన అడుగుకు ఇంకో బెలూను చీల్చి డప్పులాగా బిగించాలి. ఆ డప్పును కిందికి లాగితే లోపలి బెలూను ఉబ్బుతుంది, వదిలితే తగ్గుతుంది. మన ఛాతీలో జరిగేదీ అదే.

ఆ పిల్ల లాగింది, వదిలింది. మళ్ళీ లాగింది. అందరూ నవ్వుతున్నారు గానీ ఆ పిల్ల నవ్వలేదు.

"గిది మంచిగున్నోళ్ళది అక్కా. మా నాయినది గిట్ల ఉండదు."

"ఎలా ఉంటుంది?"

"గుంజినా రాదు."

వాళ్ళ నాయిన గుట్ట మీద డ్రిల్లింగ్ మిషన్ పట్టేవాడు. పేలుడు మందు కూరడానికి రాతికి బెజ్జాలు వేసే పని. బెజ్జం పడుతున్నంతసేపూ తెల్లటి పొడి పొగలా లేచి మొహాన కొడుతుంది. రుమాలు కట్టుకుంటారు, అంతే. ఆ సాయంత్రం ఆ పిల్ల నన్నూ, నా జంట అమ్మాయినీ చెయ్యి పట్టుకుని షెడ్డుకు తీసుకుపోయింది. ఆయన గుమ్మంలో ముందుకు వంగి, రెండు అరచేతులూ మోకాళ్ళ మీద ఆనించి కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేవబోయాడు.

"కూసోండ్రి బిడ్డా. గీ పిల్ల మిమ్మల్ని పరేషాన్ చేస్తుందా?"

ఆ ఒక్క మాట అనడానికి మధ్యలో ఆగాడు. టీబీ అన్నారట, గోలీలు మింగుతున్నాడట, ఎన్ని మింగినా గుణం లేదట. పక్క షెడ్డాయన కూడా అదే మిషన్ మీద పని, ఆయనకూ ఈ మధ్యే దగ్గు మొదలైంది. ఆయన గోడ మీదుగా తొంగిచూసి, "మాకేం ఫికర్ లేదమ్మా, రోజు బెల్లం తింటున్నం గద" అన్నాడు.

అది అక్కడి ఆనవాయితీ. పని దిగేటప్పుడు మేస్త్రి ఒక్కొక్కడి చేతిలో ఒక బెల్లం ముక్క పెడతాడు. లోపలికి పోయిన దుమ్మును బెల్లం పట్టుకుని కిందికి లాగేస్తుందని అందరి నమ్మకం. మేస్త్రి మోసం చేస్తున్నాడని కాదు, ఆయనా తినేవాడు. ఆ పిల్ల తండ్రి తన ముక్కను పంటితో సగానికి కొరికి, మిగతా సగం కూతురికి ఇచ్చేవాడు. మా ఎదుటే ఇచ్చాడు. ఆ పిల్ల ఆ ముక్కను నోట్లో వేసుకోకుండా గుప్పిట్లో పెట్టుకుంది. ఎందుకో అప్పుడు నాకు తెలియలేదు.

మరుసటి శనివారం తను ఇంటి దగ్గర చేసిన రెండు సీసాలు తెచ్చి బెంచీ మీద పెట్టింది. ఒకదాని లోపలి బెలూనులో గుట్ట దగ్గరి రాతిపొడి పోసింది. రెండోదానిలో అంతే పొడి పోసి, దాచుకున్న బెల్లం ముక్కల్ని నీళ్ళలో కరిగించి కలిపింది.

"జోడీ పెట్టిన అక్కా."

డప్పు లాగింది. మొదటి బెలూను పొడి బరువుకు వేలాడుతూ కొంచెం కదిలింది. రెండోదాని లోపల పొడి బంకలా గట్టిపడి, గోడలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. అసలు కదల్లేదు. ఆ పిల్ల మళ్ళీ లాగింది. ఇంకా గట్టిగా లాగితే అడుగు బెలూను చిరిగిపోయింది.

"బెల్లం గుంజుతలేదు" అంది. ఏడుపు లేదు, ఏదో లెక్క సరిచూసుకున్నట్టు అంది. గది అవతలినుంచి మేడమ్ వచ్చి ఆ సీసాను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. "మీ నాన్న ఏం పని చేస్తారమ్మా?" అని అడిగారు.

మేడమే ఆయన్ని తనకు తెలిసిన డాక్టరు దగ్గరికి పంపించారు. ఛాతీ ఫోటో తీశారు. అది టీబీ కాదు, రాతిపొడి అన్నాడు ఆ డాక్టరు. లోపలికి పోయింది బయటికి రాదు, మిగిలినదాన్ని కాపాడుకోవడమే, ముందు ఆ పని మానాలి అన్నాడు. మేడమ్ మేస్త్రితో మాట్లాడారు. మేస్త్రి మంచివాడే. మిషన్ మీదినుంచి దించి, ఎర్రజెండా పట్టుకుని పేలుడుకు ముందు ఈల ఊదే పని ఇచ్చాడు.

"మా నాయిన బెల్లం ఇడిసిపెడ్తలేడు అక్కా" అని ఆ పిల్ల ఫిర్యాదు చేసింది. "పనిచేస్తలేదని సీసా సూపిచ్చిన. నవ్విండు. తియ్యగుంటది గదనే, గది సాలదా అన్నడు."

అప్పటినుంచి మా శనివారాలు మారిపోయాయి. ఈల వినబడగానే ఆ పిల్ల చెవులు మూసుకోవడం మానేసింది. తల కొంచెం పక్కకు తిప్పి వినేది. అది వాళ్ళ నాయిన ఊపిరి. గుట్ట మీదినుంచి ఇంత దూరం వచ్చి మా గదిలో వినిపించే ఊపిరి. పొడుగ్గా వచ్చిన రోజు ఆ పిల్ల గ్లాసులు చకచకా సర్దేది. మధ్యలో తెగి మళ్ళీ అందుకున్న రోజు ఏదీ ముట్టుకునేది కాదు. కొన్నాళ్ళకు బెంచీలో మిగతా పిల్లలు కూడా వినడం నేర్చుకున్నారు. "ఇయ్యాల మంచిగుంది" అని చెప్పేవాళ్ళు.

నాకు తెలిసిన సాయం ఒకటే ఉంది. మా సంఘంలో శుక్రవారం ఉపవాస ప్రార్థన. ఎవరి మనవి వాళ్ళు లేచి చెప్తే అందరూ కలిసి దాని కోసం ప్రార్థిస్తారు. నేను ఆయన సంగతి చెప్పాను. తర్వాత షెడ్డుకు వెళ్ళి, ఒకసారి మీరే రండి అని ఆయన్ని అడిగాను. మతం మార్చాలని కాదు. ప్రభువు చెయ్యి పెడితే ఆ ఊపిరి తెరుచుకుంటుందని నిజంగా నమ్మాను. ఈ రోజుకీ అలా నమ్మే మనిషినే.

"ఏ దేవుడైతేంది బిడ్డా" అన్నాడు ఆయన. "నువ్వు గింత దూరమొచ్చి అడిగినవ్. వస్త."

భార్యాబిడ్డలతో వచ్చి వెనక చాప మీద కూర్చున్నాడు. పాస్టరుగారు ఆయన పక్కన నేల మీదే మోకరించి, వీపు మీద చెయ్యి పెట్టి ప్రార్థించారు. మా అమ్మ, చర్చిలో ఆడవాళ్ళు కన్నీళ్ళతో ప్రార్థించారు. ఆ పిల్ల కళ్ళు తెరుచుకుని వాళ్ళ నాయిన వీపునే చూస్తూ కూర్చుంది. ప్రార్థన అయ్యాక అందరితో కలిసి ఉప్మా తిన్నాడు. మెట్లు దిగేటప్పుడు ఆగకుండా దిగాడు.

మర్నాడు బడిలో ఈల వచ్చింది. అంత పొడుగ్గా అంతకుముందు ఎప్పుడూ రాలేదు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ ఆదివారం సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు.

తర్వాతి శనివారం పిల్లలు సామాను సర్దుతుంటే ఆ పిల్ల నా దగ్గరికి వచ్చి మెల్లగా అంది.

"అక్కా, పక్క షెడ్డు కాకా కోసం ప్రార్థన చెయ్యకుండ్రి."

"ఏం? ఆయన తిట్టాడా?"

"లే. ఆయనది గూడ గదే దగ్గు. గదే మిషన్. మీరు మా నాయిన కోసం చేస్తుండ్రు గద. ఆయన కోసం చెయ్యకుంటే, గప్పుడు తెలుస్తది."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు.

"జోడీ" అంది ఆ పిల్ల, నాకు అందలేదేమోనని.

"అలా చెయ్యకూడదమ్మా. దేవుణ్ణి సీసాలో పెట్టి చూడకూడదు."

"మరి మా నాయినకు మంచిగైతే, దేవుడు చేసిండో, మిషన్ దిగినందుకు అయిందో ఎట్ల తెలుస్తది? జోడీ లేకుంటే ఉత్త మాట అని నువ్వే చెప్పినవ్ గద."

పక్కన మా కర్నూలు పిల్ల బెలూన్లు ఏరుతోంది. తిరిగి వెళ్ళేటప్పుడు ఆటోలో నాతో నెమ్మదిగా అంది, "నిన్ను ఏడిపించేకి అనడం లేదు. ఆ పిల్ల అడిగిన దానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. నీ దగ్గర ఉందా?"

లేదు. దేవుణ్ణి పరీక్షకు పెట్టడం పాపమని ఊహ తెలిసినప్పటినుంచీ విన్నదాన్ని. అది చెప్తే ఆ పిల్లకు జవాబు అవదు. పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. కోప్పడతారనుకున్నాను. ఆయన నవ్వారు, తర్వాత నవ్వు ఆపేశారు.

"లేఖనాల్లో ఒకాయన గొర్రెబొచ్చు పరిచి దేవుణ్ణి గుర్తు అడిగాడు, గుర్తుందా? ఒక రోజు బొచ్చు తడవాలి, నేల ఆరి ఉండాలి. రెండో రోజు నేల తడవాలి, బొచ్చు ఆరి ఉండాలి. మీరు చెప్పే జోడీయే కదమ్మా అది. దేవుడు ఆయన్ని కోప్పడలేదు."

"అయితే ఆ పిల్ల అడిగినట్టు చెయ్యనా అండి?"

"ఆ పక్కాయన్ని వదిలేసి ప్రార్థించగలవా?"

ప్రయత్నించాను. ఆ పిల్లకు మాట ఇవ్వలేదు గానీ ఆ రాత్రి మోకరించి ఒక్క తండ్రి కోసమే అడగబోయాను. గోడ మీదుగా తొంగిచూసిన మొహం, ఆ బెల్లం మాట ముందుకొచ్చాయి. ఇద్దరి కోసమూ చేశాను. ఆ పిల్లకు చెప్పలేదు. ఆ పిల్ల మళ్ళీ అడగనూ లేదు.

చలికాలం ముదిరింది. వర్షం లేదు, ఎక్కడి దుమ్ము అక్కడే లేచి నిలబడేది. ఈల పొట్టిదవుతూ వచ్చింది. ఒక శనివారం రెండుసార్లు మొదలై ఆగిపోయింది, మూడోసారి పూర్తయింది. గదిలో అందరం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. ఆయన ఊదితే మాకు రొప్పు వచ్చినట్టుండేది. నేను వెళ్ళి చూస్తే ఆయన ఎర్రజెండాను ఒళ్ళో పెట్టుకుని రాయి మీద కూర్చుని ఉన్నాడు. "జర ఈల మార్చమన్న బిడ్డా. గిది పాతదైంది" అన్నాడు. ఈల కొత్తదే. దాని తాడింకా మాసిపోలేదు.

మా సంఘం వదల్లేదు. శుక్రవారం తర్వాత శుక్రవారం ఆయన కోసం మనవి చెప్పారు. మా నాన్న ఫ్యాక్టరీలో మధ్యాహ్నం అన్నం మానేసి ఉపవాసమున్నారని అమ్మ చెప్తే తెలిసింది.

ఒక శనివారం అయస్కాంతాల పాఠం. పిల్లలు ఇసుకలో అయస్కాంతం తిప్పి ఇనుపరజను ఏరుతున్నారు. ఈల వచ్చింది. గట్టిగా, సూటిగా, ఒక్క వణుకు కూడా లేకుండా. ఒక పిల్లవాడు "ఇయ్యాల మస్తుగుంది!" అని చప్పట్లు కొట్టబోయాడు.

ఆ పిల్ల లేచి నిలబడింది.

"గిది మా నాయినది కాదు."

పేలుడు అయ్యేదాకా పట్టుకుని కూర్చోబెట్టుకున్నాను. నా చేతుల్లో పక్షిలా కొట్టుకుంది. రేకులు గలగలమని ఆగాక వదిలాను. పరుగెత్తింది. మేమిద్దరం వెనకాల వెళ్ళాం. షెడ్డు తలుపుకు గొళ్ళెం పెట్టి ఉంది. పొద్దున ఈ పిల్ల బడికి వచ్చాక ఆయాసం ఎక్కువైతే ఆయన్ని దవాఖానకు తీసుకుపోయారని పక్క షెడ్డాయన దగ్గుతూ చెప్పాడు.

ఆయన మళ్ళీ షెడ్డుకు రాలేదు. దవాఖాన నుంచే పాలమూరు దగ్గర వాళ్ళ ఊరికి తీసుకుపోయారు, మట్టి చెయ్యడానికి.

మా సంఘంలో మేలు జరిగితే లేచి సాక్ష్యం చెప్తారు. జరగకపోతే లేవాలని ఎవరూ అనరు, ఎవరూ లేవరు. నేను లేచాను. నేను సాక్ష్యం చెప్పిన ఆయన చనిపోయారు అని మాత్రం చెప్పి కూర్చున్నాను. స్తోత్రం అనడానికి లేదు, ఇంకేమనాలో ఎవరికీ తెలియదు. ఒక ముసలమ్మ తన చాప నా పక్కకు జరుపుకుంది. పాస్టరుగారిని తర్వాత ఎందుకండి అని అడిగితే, తల అడ్డంగా ఊపి, "నాకు తెలీదమ్మా" అన్నారు. ఆయన ఏదైనా వచనం చెప్పి ఉంటే ఆ రోజు నేను తట్టుకోగలిగేదాన్ని కాదు.

కొన్ని వారాలకు తల్లీ కూతుళ్ళు సామాను తీసుకోవడానికి వచ్చారు. ఆ పిల్ల బడి వరండాలోకి వచ్చి, అరుగు మీద నా పక్కన కూర్చుంది. చేతిలో మొదటి రోజు బడిలో చేసిన సీసా ఉంది, లోపల ఏమీ పోయని మంచి బెలూనుతో.

"బడి సామాను గద. ఇచ్చిపోతున్న."

"నువ్వే ఉంచుకో."

వద్దన్నట్టు పక్కన పెట్టింది. జడలు వేసి లేవు. వాళ్ళమ్మకు ఇప్పుడు ఓపిక ఉండి ఉండదు. నేల చూస్తూ అంది.

"నేనే ఖరాబ్ చేసిన అక్కా."

"ఏం చేశావు?"

"కాకా కోసం గూడ మొక్కిన. మీరు చెయ్యొద్దని చెప్పి, నేనే చేసిన. కాకా కొడుకు చిన్నోడు, రాత్రి కాకా దగ్గితే ఏడుస్తడు. వాడు ఏడుస్తుంటే ఊకె ఉండబుద్ధి కాలే." సీసాను ఇంకాస్త దూరం జరిపింది. "మా నాయినకు రావాల్సిందాంట్ల సగం గాయనకు పోయింది. బెల్లం లెక్క."

ఇది వినడానికి నాకు ఏ బడీ నేర్పలేదు. ప్రార్థన పంచితే తరగదు అని చెప్పొచ్చు. దేవుడి దగ్గర కొరత లేదని చెప్పొచ్చు. ఆదివారాలు అవన్నీ చెప్పినదాన్నే. అప్పుడు మాత్రం ఒక్కటే తోచింది, ఈ తప్పు ఈ పిల్ల ఒక్కత్తే మోయకూడదని.

"నేనూ చేశాను" అన్నాను. "ఆయన కోసం నేనూ ప్రార్థించాను. నీకు చెప్పలేదు. రోజూ ఇద్దరి కోసం చేశాను."

ఆ పిల్ల మొహమెత్తి చూసింది. ఊరడిల్లుతుందని ఎదురుచూశాను. వేళ్ళు ముడిచి, విప్పి, లోపల ఏదో లెక్క వేసుకుంది.

"అయితే పావే" అంది. "మా నాయినకు పావే వచ్చినట్టు."

దగ్గరికి తీసుకున్నాను. రోడ్డు మీద సిమెంటు దింపిన లారీ ఒకటి ఆగి ఉంది, వాళ్ళ మూటలు దాని మీదికి ఎక్కిస్తున్నారు. వాళ్ళమ్మ పిలిచింది. ఆ పిల్ల లేచి, నా చున్నీ కొసతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయింది. లారీ గుండ్రటి మేడ పక్కనుంచి తిరిగేదాకా కనిపించింది. పక్క షెడ్డాయన కుటుంబం కూడా ఆ వేసవిలో ఊరికి పోయిందని విన్నాను. ఆయన ఏమయ్యాడో తెలియదు. ఆ జోడీలో రెండో సీసా సంగతి నాకు ఎప్పటికీ తెలియలేదు.

నేను వరండాలోనే ఉండిపోయాను. మా కర్నూలు పిల్ల వచ్చి, సీసా తీసి, మెల్లగా డప్పు లాగి వదిలింది. లోపలి బెలూను ఉబ్బి తగ్గింది. చూడలేక చాలు, పెట్టేయ్ అన్నాను. బడి బీరువాలో పెట్టేశాం. మరుసటి సంవత్సరం చూస్తే రబ్బరు పెళుసెక్కి, ముట్టుకుంటే రాలిపోయింది.

చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థించడం మా సంఘంలో లేదు. అందుకని ఆ తండ్రి కోసం చెయ్యను. ఆ పిల్ల కోసం చేస్తాను. ఇన్నేళ్ళూ చేస్తూనే ఉన్నాను. మిగతా మనవులన్నీ కలిపి చెప్పుకుంటాను, పిల్లలు, అన్నదమ్ములు, సంఘం, ఒకరి వెనక ఒకరు వస్తారు. అవన్నీ అయ్యాక ఆమెన్ అని ముగిస్తాను. మళ్ళీ మోకరించి, ఆ పిల్ల పేరు ఒక్కటే చెప్తాను. పంచినా తరగదని నాకు తెలుసు. అయినా ఆ ఒక్క ప్రార్థనలో ఇంకెవరినీ కలపను.